మంజుల రాసిన ఐదు వాక్యాలు

2018 నవంబరు. అచ్చంపేట నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. స్కూల్ అసిస్టెంట్ అంటే ఎవరికో సాయం చేసే మనిషి అనుకునేరు. హైస్కూల్లో ఒక సబ్జెక్టు బరువంతా మోసే టీచరుకు సర్కారు పెట్టిన పేరది. నేను పుట్టింది తిరుమలగిరిలో, మెట్టింది పాలమూరులో. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసులో ఎన్ని నోటుబుక్కులు దిద్దానో నాకే తెలియదు. వాటిలో ఒక్క పేజీ మాత్రం ఇప్పటికీ కంఠతా వస్తుంది. ఆ పేజీ గురించే ఇది.

ముందు నా గుణం చెప్పుకోవాలి. తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పెళ్లి పత్రిక చేతికిస్తే ముహూర్తం కంటే ముందు అందులో అచ్చుతప్పు చూస్తాను. బస్టాండులో బోర్డులు, దుకాణాల పేర్లు, మందు సీసాల మీద రాతలు, అన్నీ మనసులోనే దిద్దుకుంటూ పోతాను. "నీకు అన్నంలో రాయి తగిలినా తెల్వది గని, రాతల తప్పు తగిల్తే మాత్రం తెలుస్తది" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. టీచరుకు ఈ గుణం మంచిదేనని చాలా కాలం అనుకున్నాను. పిల్లలు కూడా నన్ను "ఎర్రపెన్ను మేడం" అనేవాళ్లు. నా వెనకాలే అనుకోండి, కానీ ఆ పేరు విని లోపల కొంచెం మురిసిపోయిన మాట కూడా నిజమే.

మా బడిలో ప్రతిరోజూ ఒక "వర్డ్ ఆఫ్ ద డే" ఉండేది. బోర్డు మీద ఎడమ పక్క పైన ఒక ఇంగ్లిష్ మాట రాస్తాను. దాని అర్థం, వాడే తీరు చెబుతాను. పిల్లలు ఆ మాట ఒక్కసారైనా వచ్చేలా సొంతంగా ఐదు వాక్యాలు రాసుకొచ్చి పెట్టాలి. మొదట్లో అందరూ బజారులో దొరికే గైడ్లు చూసి ఎక్కించేవాళ్లు. నలభై రెండు మంది పదో తరగతి పిల్లలు నలభై రెండు పుస్తకాల్లో ఒకే వాక్యం రాసి తెస్తే ఎవరికైనా తిక్క రేగుతుంది. అందుకని ఒక షరతు పెట్టాను. గైడులోది రాస్తే సున్నా. మీ ఇంట్లో, మీ వాడలో, మీకు నిజంగా జరిగిందే రాయాలి.

ఆ షరతు పెట్టింది నేనే. ఈ సంగతి మరిచిపోవద్దు.

ఆ రోజు మాట "బ్లర్ట్". ఇంగ్లిష్‌లో రోజూ వినబడే క్రియే. ముందూ వెనకా చూసుకోకుండా, లోపలున్న మాటను ఉన్నట్టుండి బయటపెట్టేయడం. నేను అర్థం చెబుతుంటే మూడో బెంచీలో ఒకడు లేచి, "అంటె పుసుక్కున అనుడా మేడం?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నిజానికి అంతకంటే మంచి అర్థం ఏ డిక్షనరీలోనూ దొరకదు. వాడిని మెచ్చుకుని ముందుకు పోయాను.

ఈ మాటతో సాధారణంగా "ఔట్" కూడా వస్తుంది, బ్లర్ట్ ఔట్ అని. ఇలా రెండు మాటలు జతకట్టి ఒక అర్థమిచ్చే వాటిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. బయటపడిన సంగతిని ఆ "ఔట్" తర్వాతైనా పెట్టొచ్చు, మధ్యలోనైనా దూర్చొచ్చు. జరిగిపోయిందైతే "బ్లర్టెడ్". మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇంకో చోట. ఈ క్రియ మాటను పట్టుకుంటుంది గానీ మనిషిని పట్టుకోదు. ఎవరితో అన్నామో ఆ మనిషి ముందు "టు" పెట్టి తీరాలి. ఇదంతా బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. చివర్లో, ఎవరూ అడగకపోయినా, నీతి కూడా ఒకటి తగిలించాను. "నోరు జారితె మల్ల తీస్కోలేం. తెలివిగలోళ్లు ఆలోచించి మాట్లాడుతరు. పుసుక్కున అనేటోళ్లతోనే ఇండ్లు ఖరాబైతయి" అన్నాను. క్లాసు చివర నీతి చెప్పకపోతే నాకు పాఠం పూర్తయినట్టు అనిపించదు.

కిటికీ పక్కన మంజుల తల వంచుకుని రాసుకుంటోంది. గొర్లు కాసుకునే బీరయ్య కూతురు. అంతకు ముందు ఏడాది నా క్లాసులో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆ పిల్లే. నేను ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేది. తప్పు చెప్పి తనే నవ్వేది. దసరా సెలవుల తర్వాత ఏమైందో ఏమో, నోరు తెరవడం మానేసింది. ప్రశ్న వేస్తే లేచి నిలబడుతుంది, నేల చూస్తుంది, అంతే. పదో తరగతి కదా, వయసు గర్వం అనుకున్నాను. రెండు మూడుసార్లు అందరి ముందే, "ఏందమ్మా, మాట్లాడితె ముత్యాలు రాల్తయా?" అని దెప్పాను కూడా.

మరునాడు నలభై రెండు నోటుబుక్కులు నా టేబులు మీదికి వచ్చాయి. నాకు దొరికింది ఒక లీజర్ పీరియడ్. అంటే క్లాసు లేని నలభై ఐదు నిమిషాలు. ఒక్కో పుస్తకానికి నిమిషం కంటే కొంచెం ఎక్కువ. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు. బయటివాళ్లకు మా పని ఎట్లా సాగుతుందో తెలియాలని. అంత వేగంలో కళ్లు వాక్యాన్ని చూడవు. క్రియ చివర "ఈడీ" ఉందా, "టు" ఉందా, ఫుల్‌స్టాప్ ఉందా, అంతవరకే చూస్తాయి. ఒకడు పక్కింటి మేకను ఇడిసింది నేనే అని ఒప్పేసుకున్నానని రాశాడు. ఒకతి అక్కకు వచ్చిన ఫోను సంగతి అమ్మకు చెప్పేశానని రాసింది. అవి మాత్రం నవ్వొచ్చి చదివాను. మిగతావి దిద్దుకుంటూ పోయాను.

ఆ తర్వాత పది రోజులకు ఎఫ్.ఏ. మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించాల్సి వచ్చింది. ఎఫ్.ఏ. అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. పరీక్ష ఒక్కటే కాకుండా, పిల్లలు క్లాసులో పాల్గొన్న తీరుకు కొన్ని, నోటుబుక్కుల్లో సొంతంగా రాసిన దానికి కొన్ని మార్కులుంటాయి. మంజుల పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పాల్గొన్నందుకు ఐదులో ఒకటి వేశాను. రాసినదానికి ఐదుకు ఐదు వేయాల్సి వస్తోంది. ఒకే పిల్లకు ఇంత తేడానా? చూసేవాళ్లు తప్పుపడతారేమోనని ఆమె నోటుబుక్కు మళ్లీ తీశాను. అప్పుడు చేతిలో పెన్ను లేదు, మౌస్ ఉంది. బహుశా అందుకే చదివాను.

ఆ పిల్ల ఇంగ్లిష్‌లో రాసిందాన్ని తెలుగులో చెబితే ఇది. అవ్వ అంటే నాయనమ్మ, బాపు అంటే నాన్న.

దసరా సెలవుల్లో మా అవ్వకు ఒక మాట పుసుక్కున అనేశాను. అది నిజమే, కానీ అవ్వకు చెప్పొద్దని బాపు ముందే అన్నాడు. ఇప్పుడు అవ్వ ఆపరేషన్‌కు పోనంటోంది. నా నోటి వల్లే అవ్వ చచ్చిపోతుందని బాపు అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఎవరితోనూ మాట్లాడట్లేదు.

మొదటి వాక్యంలో "బ్లర్ట్" పక్కన ఎర్రగా "ఈడీ" చేర్చి ఉంది. అవ్వ ముందు "టు" రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది. మూడో వాక్యంలో "ఈజ్" లేకపోతే పెట్టాను. ఐదో వాక్యంలో క్రియ కాలం తప్పితే మొత్తం కొట్టేసి పైన సరిగా రాసిచ్చాను. అడుగున నా సంతకం, తేదీ. ఆ పక్కన నా చేతిరాతే, "గుడ్. థింక్ బిఫోర్ యు స్పీక్." మాట్లాడే ముందు ఆలోచించు.

స్టాఫ్ రూములో ఎవరో ఏదో అడిగారు. నాకు వినబడలేదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఆ పిల్ల ఇల్లంతా తెచ్చి నా ముందు పెడితే, నేను అందులో "ఈడీ" లేదని వెతికాను. పైగా బాపు అన్న మాటే నేనూ ఇంకోసారి అన్నాను, ఎర్ర సిరాతో.

సాయంత్రం బడి వదిలాక మంజులను ఆపాను. వరండాలో నిలబడింది, సంచి పట్టీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

"బిడ్డా, నీ నోటుబుక్కు నేను దిద్దిన గని చదవలే. ఇయ్యాల్నే చదివిన. తప్పు నాది" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. "మేడం, అవ్వకు చెప్పుడు తప్పేనా?" అంది.

"తప్పో ఒప్పో నాకు తెల్వదు. ముందు ఏమైందో చెప్పు."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె నాయనమ్మ లింగమ్మకు రొమ్ములో గడ్డ కనబడింది. పాలమూరు దవాఖానకు బీరయ్య తీసుకుపోయాడు. ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగింది ఈ పిల్ల ఒక్కతే కాబట్టి బోర్డులు, కాగితాలు చదవడానికి వెంట తీసుకుపోయారు. అవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు తండ్రికీ బిడ్డకూ సంగతి చెప్పాడు. క్యాన్సర్ అని, హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయించాలని, ఆలస్యం చేయొద్దని. బయటికి వచ్చి బీరయ్య తల్లితో "ఏం లేదే, కొవ్వు గడ్డ" అన్నాడు. మన దగ్గర పెద్దవాళ్లకు జబ్బు పేరు చెప్పరు కదా. చెబితే ఆ బెంగతోనే పోతారని భయం. దానిలో ప్రేమే ఉంది, కాదనను.

తీరా హైదరాబాద్ పోవాల్సిన రోజు అవ్వ మొండికేసింది. గొర్లు ఈనే కాలం, కొవ్వు గడ్డకు పట్నం దాకా ఎందుకు, అచ్చంపేటలో చూపిస్తే సరిపోదా అంది. బస్సు టైం అయిపోతోంది. బీరయ్య బతిమాలుతున్నాడు. మంజులకు ఆగలేదు. "పోకపోతె సచ్చిపోతవే అవ్వా, అది క్యాన్సర్!" అనేసింది. అవ్వ కట్టె తీసుకుని మంద దగ్గరికి లేచిపోయిందట. ఆ రోజు ఆపరేషన్ తప్పిపోయింది. దవాఖాన వాళ్లు మళ్లీ తేదీ ఇచ్చారు. అదింక తొమ్మిది రోజులే ఉంది. ఈసారి కూడా పోనని అవ్వ పట్టు.

"నేను ఊకుంటె మంచిగుండె గద మేడం" అంది మంజుల.

ఆదివారం మీ ఇంటికి వస్తానని చెప్పాను.

టీచర్లు పిల్లల ఇళ్లకు పోవడం మా వైపు కొత్తేం కాదు. బడికి రాని పిల్లలను వెతుక్కుంటూ ఎన్నో ఇళ్లు తిరిగాను. ఆ ఆదివారం మంజుల ఇంటికి పోయాను. ఊరి చివర రేకుల ఇల్లు. ముందర ముళ్లకంప కట్టిన దొడ్డి. పెద్ద బుట్టల కింద అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. బీరయ్య నన్ను చూసి గబగబా మంచం వాల్చాడు. సంగతి తెలిసి వచ్చానని అర్థం కాగానే ఆయన ముఖం మాడిపోయింది.

"ఇంట్ల ముచ్చట బడి దాక అచ్చిందా మేడం? గీ పిల్లకు నోరు ఆగది" అన్నాడు.

"ఆగింది బీరయ్యా. నెల దినాలాయె, బడిల ఒక్క మాట మాట్లాడలే. నువ్వు గమనించినవా?"

ఆయన కూతురి వైపు చూశాడు. గమనించలేదని ఆ చూపులోనే తెలిసింది. "నేను ఇంక కొవ్వు గడ్డనే అంటున్న మేడం. పోరి తెల్వక అన్నది, దాని మాట ఇడిసిపెట్టు అని చెప్పిన. ఆమె నమ్మినట్టే ఉన్నది. అయినా దవాఖాన అంటె కదుల్తలేదు" అన్నాడు మెల్లగా.

అవ్వ దొడ్డిలో గొర్రెకు గడ్డి వేస్తోంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. నా దగ్గరికి వచ్చి నేల మీదే కూర్చుంది. మంచం మీద కూర్చోమంటే, "నువ్వు కూసో పంతులమ్మా, నాకు గీడనే సుకం" అంది. నేను పాఠం చెప్పే ధోరణిలో మొదలుపెట్టాను. ఇప్పుడు వైద్యం చాలా ముందుకు పోయిందని, భయపడొద్దని, నాకు తెలిసిన ఒకావిడకు ఇట్లాగే వస్తే నయమైందని. ఆమె అంతా విని, "నువ్వు డాక్టరువా బిడ్డా?" అంది.

చేతిలో మిగిలిన గడ్డిపోచలు సవరించుకుంటూ ఆమే అంది. "నేను దానికి భయపడ్తలేను. నా పెనిమిటికి గిట్లనే అచ్చె. గొంతుల. గప్పుడు డాక్టరు నాకు చెప్పిండు, ఇగ లాభం లేదని. ఆయనకు నేనేమన్న? ఉత్త గ్యాసు అని చెప్పిన. నవ్వుకుంట చెప్పిన. పట్నంల నలభై దినాలుంచిన్రు. వాపస్ రాలే. ఎవలకన్న దాసిపెట్టిన్రంటె, ఇగ అయిపోయినట్టే గద. ఇప్పుడు నా కొడుకు నాకు దాస్తాండు. గది సూసినంక నాకు సమజైంది. సచ్చేదుంటె గీడ్నె సస్త, నా గొర్ల కాడ. గా పైపులు పెట్టుకొని పట్నంల ఎందుకు?"

బీరయ్య తలెత్తలేదు. నాకు అప్పుడు తెలిసింది. అవ్వను ఆపింది జబ్బు పేరు కాదు. ఇంట్లో వాళ్లు దాస్తున్నారు కాబట్టి ఇక ఆశ లేదని ఆమె తేల్చేసుకుంది. మంజుల నోటి నుంచి వచ్చింది సగమే. మిగతా సగం బయటపడకముందే అందరూ కలిసి ఆ పిల్ల నోరు మూయించారు. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

మంజుల గడప దగ్గర కూర్చుంది. "మంజులా, ఆ దినం డాక్టరు ఇంకేం చెప్పిండు? మొత్తం చెప్పు" అన్నాను.

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన వద్దనలేదు, సరేననలేదు. అవ్వ మాత్రం మెడ తిప్పి మనవరాలిని సూటిగా చూసింది.

"చిన్నగున్నదన్నడవ్వా" అంది మంజుల. ఆ తర్వాత ఇంక ఆగలేదు. "నిమ్మకాయంత గూడ లేదన్నడు. పక్కకు పాకినట్టు కనవడ్తలేదన్నడు. జల్ది తీపిస్తె మంచిగైతదన్నడు. గిట్ల తీపిచ్చుకున్నోళ్లు ఏండ్లకేండ్లు మంచిగున్నరట. మల్ల గొర్ల ఎంబడి తిరుగుతదా అని అడిగితె తిరుగుతదన్నడు. నేనే అడిగిన."

అవ్వ చేతిలోని గడ్డిపోచలు ఒక్కొక్కటే నేల మీద వేసింది.

"గీ ముచ్చట గప్పుడే ఎందుకు జెప్పలేదే?" అంది.

"నువ్వు కట్టె వట్టుకొని లేసిపోతివి. బాపు నోర్ముయ్యమనె."

అవ్వ కొడుకు వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బీరయ్యా, నిజమేనా?" అని మాత్రం అడిగింది. ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఏడ్చేశాడు. "నీకా పేరు చెప్పుడు నాతోని కాలేదే అమ్మా" అన్నాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడుస్తుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. వంటింట్లోంచి మంజుల తల్లి చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. చాయ్ చల్లారిపోయేదాకా నేను తాగలేకపోయాను.

చివరికి అవ్వ, "పోత. గని ఈ పిల్ల నా ఎంబడి రావాలె. ఆడ డాక్టరు ఏం జెప్పినా ఇదే నాకు చెప్పాలె. మీరెవలు చెప్పొద్దు" అంది. పదో తరగతి పిల్ల, అన్ని రోజులు బడి మానడమా అని నేను హెడ్‌మాస్టరు ముఖం తలుచుకుని కొంచెం జంకాను. తర్వాత ఆయనతో మాట్లాడి ఒప్పించాను. ఆయన పెద్దగా అడగలేదు, మంచివాడే.

ఆ తేదీకి పోయారు. ఆపరేషన్ అయింది. తర్వాత మందులు, మళ్లీ మళ్లీ పట్నం తిరగడం, జుట్టు ఊడడం, అవన్నీ కూడా అయ్యాయి. తేలిగ్గా మాత్రం అవలేదు. మంజుల తిరిగి వచ్చిన రోజు నా ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తింది. జవాబు తప్పే. దాన్ని వెంటనే దిద్దకుండా ఆపుకోవడానికి నేను చాలా కష్టపడాల్సి వచ్చింది.

పెద్దవాళ్లకు జబ్బు సంగతి చెప్పి తీరాలి అని నేను ఇప్పుడు ఎవరికీ నీతి చెప్పను. అందరూ లింగమ్మలా ఉండరు. ఏ ఇంట్లో ఎవరికి ఎంత చెప్పాలో ఆ ఇంటివాళ్లకే తెలియాలి. నాకు తెలిసింది నా పని గురించే. సొంత జీవితం నుంచి రాయమని పిల్లలను అడిగితే, వాళ్లు రాసింది ముందు చదవాలి. ఆ రోజు నుంచి నోటుబుక్కుల కట్ట వస్తే పెన్ను సంచిలో పెట్టి, ఒకసారి అన్నీ చదువుతాను. దిద్దడం రెండో విడత. దీనికి రెండింతల సమయం పడుతుంది. అందుకని రోజూ ఐదు వాక్యాలు అడగడం మానేసి, వారానికి మూడు చాలన్నాను. "బ్లర్ట్" పాఠం ఇప్పటికీ చెబుతాను. "ఔట్" సంగతి, "టు" సంగతి అంతా అట్లాగే. నీతి మాత్రం తీసేశాను. ఆ క్రియలో ఆలోచించకుండా అనడం ఉంది గానీ, అన్నది తప్పు అని ఎక్కడా లేదు. దానికి తప్పును అంటగట్టింది నేనే.

ఫిబ్రవరిలో పేరెంట్స్ మీటింగు పెట్టాం. పరీక్షల ముందు తల్లిదండ్రులను పిలిచి పిల్లల చదువు చెప్పే సమావేశం. బీరయ్య వస్తాడనుకున్నాను. లింగమ్మవ్వ వచ్చింది. తల నిండా చెంగు కప్పుకుంది, బాగా చిక్కింది, కానీ నడక మునుపటిదే. నా ముందు కుర్చీలో, ఈసారి నేల మీద కాదు, కుర్చీలోనే కూర్చుని, "మా పోరి ఎట్ల సదువుతాంది పంతులమ్మా?" అని అడిగింది.

"మంచిగనే చదువుతాంది అవ్వా" అన్నాను. ఆ మాట ఆ రోజు అప్పటికే ముప్పై మందికి చెప్పి ఉంటాను.

ఆమె లేవలేదు. కదలకుండా నన్నే చూస్తూ కూర్చుంది. నేను మార్కుల కాగితం మళ్లీ చూశాను. "లెక్కల్ల పోయేటట్టున్నది అవ్వా. ఇన్ని దినాలు బడికి రాకపాయె గద" అన్నాను.

మంజుల తల వంచుకుంది. అవ్వ మాత్రం అదిరిపడలేదు, బాధపడలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"సగం జెప్పి ఊకుంటివేంది?" అంది. "ఇగ ఏం జెయ్యాల్నో గది గూడ చెప్పు."